రిజిస్టర్ల అక్క పేరు

మొన్న పటాన్‌చెరుల బస్సు దిగంగనే కంపెనీల దిక్కునుంచి మందుల వాసన గుప్పుమన్నది. చిన్నప్పుడు మా లక్ష్మక్క బట్టలకు గదే వాసన ఉండేది.

నాయిన కాలు విరిగి ఇంట్ల పడ్డంక, అక్క ఏడో తరగతి మధ్యల బంజేసి మందు గోలీల ప్యాకింగ్ షెడ్డుకు పోతుండె. నేను గదే బడిల ఐదు చదువుతున్న.

ఒకనాడు బడికి తనిఖీ వచ్చింది. పెద్దసారు నన్ను తీస్కపోయి ఏడో తరగతిల కూసోబెట్టిండు.

"లక్ష్మీ అని పిలిస్తె 'వచ్చిన సార్' అను. జెర గట్టిగ."

గట్టిగనే అన్న. ఆడపిల్లలందరు బడికొస్తున్నరని ఆఫీసరు మెచ్చుకున్నడు. నేనేదో ఘనకార్యం చేసిన అనుకున్న. అక్క పనికెల్లి రాంగనే ఉరికి చెప్పిన.

కాళ్లు కడుక్కుంటున్న అక్క చెంబు పక్కకు పెట్టింది.

"నా పేరు ఇంక కొట్టెయ్యలేదానే?"

"లేదక్కా. రోజు హాజరేస్తున్నరట."

"గట్లయితే నాయినకు నయమైనంక పోవచ్చు."

అక్క గంత నవ్వంగ నేను చాన రోజులకు చూసిన. పాత పుస్తకాలకు కాయితం అట్టలేసి గూట్ల పెట్టుకున్నది.

నాయిన లేచి తిరిగేటాళ్లకు రెండేండ్లు పట్టింది. అప్పటికి అక్క పేరు పై తరగతులకు పోయింది, అక్క షెడ్డులనే ఉండిపోయింది.

ఒక్క నెలన్న గైరుహాజరు పడి ఉంటె, గీ పిల్ల ఏదని అడగనీకి ఎవరన్న మా ఇంటికి వస్తుండెనేమో. ఎవ్వరు రాలే.