ఖాదర్ దాచిన పన్నెండో రీలు ముక్క

ఏలూరులో ఆ సాయంత్రం ఖాదర్‌కి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! ముప్పై ఏడేళ్ళు తన మంచం కింద దాచిన సినిమా గురించి ఆట మొదలయ్యేముందు స్టేజీ మీద పాత టాకీసు ఓనరు కొడుకు గోపీనాథ్ సొంత గొప్పలా చెప్పుకుంటున్నాడు.

"ఈ 'రేవు పార్వతమ్మ'ని మా నాన్నగారు ప్రాణంలా కాపాడారండీ" అంటూ కళ్ళు కూడా తుడుచుకున్నాడు. హాలంతా చప్పట్లు.

కాపాడాడట! భీమడోలులో టూరింగ్ టాకీసు మూసేసిన రోజున ఆ నాన్నగారే పన్నెండు రీళ్ళనీ పాతసామాన్ల బండి ఎక్కించబోయాడు. ఆపరేటర్ ఖాదర్ అడ్డంపడి, బతిమాలి, ఇంటికి మోసుకొచ్చుకున్నాడు. ఏటా వానలు తగ్గాక ఒక్కో రీలూ విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, గాలి తగలనిచ్చి మళ్ళీ చుట్టేవాడు. "ఈ రీళ్ళ పులిసిన కంపుకి అన్నం సయించట్లేదండీ" అని భార్య గుల్షన్ గొణిగేది. గొణుగుతూనే తన పాత చీరలు చింపి గుడ్డలిచ్చేది.

ఆ సినిమా కాపీ ఇంకెక్కడా లేదని తేలాక, పోయినేడు పాత సినిమాలు బాగుచేసే హైదరాబాదు వాళ్ళు వెతుక్కుంటూ గోపీనాథ్ దగ్గరికొచ్చారు. అతను తిన్నగా ఖాదర్ ఇంటికొచ్చి డబ్బాలన్నీ కార్లో పెట్టించుకున్నాడు.

"ఆఖరి రీలు గురించి వాళ్ళకో మాట చెప్పాలండీ, నన్నూ తీసుకెళ్ళండి" అన్నాడు ఖాదర్.

"మీకెందుకండీ శ్రమ? నేను చెప్తాగా!"

ఏం చెప్పాడు, నా మొహం! కనీసం ఆ మాటేంటని అడగనైనా లేదు.

సినిమా అయింది. ఆఖరి సీన్లో గాలివాన వెలిశాక పార్వతమ్మ నవ్వుతూ పడవ దిగింది. రీళ్ళు బాగుచేసిన స్టెల్లా మైకు అందుకుంది. "ఏడిపించే సినిమాల రోజుల్లో దర్శకుడు ఎంత ధైర్యంగా ఆమెని బతికించాడో చూడండి!" అంది. పక్కన గోపీనాథ్ అన్నీ తెలిసినట్టు తల ఊపుతున్నాడు.

ఇక ఖాదర్ వల్ల కాలేదు. లేచి నిలబడ్డాడు.

"దర్శకుడు ఆవిణ్ణి చంపేశాడమ్మా. బతికించింది నేను!"

హాల్లో అందరూ వెనక్కి తిరిగారు.

"కొల్లేటికోటలో ఇది ఆడుతున్న వారమే పడవ తిరగబడి ఇద్దరాడవాళ్ళు పోయారు. తెర మీద పార్వతమ్మ మునిగిపోతుంటే జనం గుండెలు బాదుకున్నారు. నేను చూళ్ళేకపోయాను. మర్నాడు ఆ ముక్క కత్తిరించేసి, మూడో రీల్లో ఆవిడ పడవ దిగే ముక్క తెచ్చి అతికించాను. ఈ మాట చెప్పడానికే వస్తానన్నాను. రానిచ్చారా ఈయన?"

చేతిసంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసి పైకెత్తాడు. "అసలు ముగింపు ఇందులో ఉంది."

గోపీనాథ్ గబగబా దిగొచ్చాడు. "ఇలా ఇచ్చేయండి ఖాదర్ గారూ, అది మా నాన్నగారిదే కదా" అని చెయ్యి చాపాడు.

"అంత ప్రాణంలా కాపాడారుగా, ఆవిడ మునిగేముందు ఎవర్ని పిలుస్తుందో చెప్పి తీసుకోండి."

గోపీనాథ్ ముఖం మాడిపోయింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతని వెనకే వచ్చిన స్టెల్లా మెల్లగా అడిగింది. "ఎవర్ని పిలుస్తుందండీ?"

ఖాదర్ డబ్బాని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

"ముందు ఆ తెర మీద నా పేరు వెయ్యండమ్మా. పక్కనే, గుడ్డలిచ్చిన మా గుల్షన్ పేరు. అప్పుడు ఈ ముక్క తెచ్చిస్తాను, మీరే విందురుగాని."