సూదమ్మ పీకించుకోనన్న పన్ను

ఆ వీధిలో ఆమెను సూదమ్మ అనడమే గాని అసలు పేరుతో పిలిచినవారు లేరు. ముప్పయ్యొక్క సంవత్సరాలుగా కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి. మెడలో నాడాకు కట్టిన కత్తెర వేలాడుతూనే ఉండేది. అయినప్పటికీ దారం తెంచవలసి వస్తే చేయి కత్తెర మీదికి పోయేది కాదు, దారమే నోటి దగ్గరికి పోయేది. కుట్టుపనివారిలో ఇది వింత కాదు. దారం ఒరిసి ఒరిసి ఆమె పై వరుస ముందు పన్ను అంచున సన్నని గాడి పడింది. పనిలో కొత్తగా చేరినవారి నోరు చూసి, "నీకింకా గాడి పడలేదు, అప్పుడే కాజాలు కుడతానంటే ఎలా?" అని ఆటపట్టించేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం, బడిసంచులు కుట్టే నైలాను దారాన్ని అదే అలవాటున పంటి కిందికి తీసుకున్నది. దారం తెగలేదు. పన్ను విరిగింది. సగం ముక్క ఒడిలోని గుడ్డ మీద పడగా, పక్కనే పని చేస్తున్న ఆడపడుచు దాన్ని ఏరి గుండీల డబ్బాలో వేయబోయి ఆగింది.

"వదినా, ఇది గుండీ కాదే!"

"గుండీ ఊడితే నాకెందుకే ఇంత నొప్పి? ఇటు తే."

మరునాడు పళ్ళ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి, క్షణమైనా ఆలోచించకుండా తీర్పు చెప్పారు.

"నరం దాకా విరిగిందమ్మా. పీకేద్దాం. పుండు మానాక అటూ ఇటూ పళ్ళు అరగదీసి, మూడింటికీ కలిపి బ్రిడ్జి కడతాం."

"అటూ ఇటూ ఉన్నవాటికి ఏమైందండీ?"

"ఏం కాలేదు, బాగానే ఉన్నాయి."

"బాగున్నవాటిని అరగదీయడం ఎందుకు?"

"బ్రిడ్జి నిలవాలంటే ఏదో ఒక ఆసరా కావాలిగా."

"ఒక చొక్కా చిరిగిందని మా దుకాణంలో పక్కనున్న రెండు మంచి చొక్కాలు కత్తిరించమండీ."

ఆ పెంకితనానికి కారణం లేకపోలేదు. ఆమె తల్లికి ఇరవై ఎనిమిదో ఏట ఒక పన్ను నొప్పి పుడితే పీకివేశారు. ఆ ఖాళీలోకి పక్కవి వాలాయి, వాలినవి కదిలాయి, కదిలినవాటిని కూడా పీకారు. యాభై నిండేసరికి ఆ తల్లి నోట ఒక్క పన్ను మిగలలేదు. నవ్వు వచ్చినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకునే తల్లిని చూస్తూ పెరిగిన సూదమ్మ, తన నోటి నుండి ఒక్క వేరు కూడా బయటికి పోనివ్వనని ఏనాడో నిశ్చయించుకున్నది.

కిటికీ దగ్గర ఎక్స్‌రే పట్టుకుని నిలబడిన చిన్న డాక్టరమ్మ గొంతు సవరించుకున్నది. "సార్, వేరు గట్టిగానే ఉంది. చిగురు దాటి చుట్టూ రెండు మిల్లీమీటర్లు మంచి పన్ను మిగిలింది. రూట్ కెనాల్ చేసి, లోపల సన్నటి కడ్డీ దించి, దాని మీద సిమెంటుతో పంటి మొద్దు కట్టి క్యాపు వేయొచ్చు."

"దారాలు కొరికే నోరది. ఆరు నెలల్లో ఊడి చేతికొస్తుంది."

"ఊడితే నా చేతికే కదండీ," అన్నది సూదమ్మ.

పెద్ద డాక్టరు సలహాను కాదన్నవారు ఆ సంగతి స్వహస్తంతో వ్రాసి ఇవ్వవలెనని అక్కడి నియమం. నర్సు కాగితం ముందు పెట్టింది. సూదమ్మ కళ్ళజోడు సవరించుకుని, 'సలహాలు రెండు వచ్చినవి, అందులో ఒకటి తీసుకున్నాను' అని గుండ్రని అక్షరాలతో వ్రాసి సంతకం చేసింది. నర్సు కొంగులో నవ్వు దాచుకున్నది.

రెండు విడతల్లో డాక్టరమ్మ నరం తీసి, వేరులోని దారి శుభ్రం చేసి మూసింది. తరువాత కడ్డీ దించి మొద్దు కట్టి, అసలు క్యాపు తయారయ్యే వరకు తాత్కాలికంగా ఒకటి అతికించింది. "ఈ పన్నుతో దారం కొరికారో, నా మాట పోతుంది, మీ పన్నూ పోతుంది," అని వేలు చూపించి మరీ చెప్పింది.

మూడవ రోజున, ఏదో మాటల్లో పడి సూదమ్మ దారం కొరికింది. దారంతోపాటు క్యాపు కూడా వచ్చింది.

"పెద్దాయన ఆరు నెలలన్నాడు, నువ్వు మూడు రోజుల్లోనే కానిచ్చావు!" అన్నది ఆడపడుచు. సూదమ్మ నవ్వలేదు. అడుగున వేరు కూడా చీలిందేమోనన్న భయంతో నాలుకను ఆ వైపు పోనివ్వలేదు.

ఆ రోజు డాక్టరమ్మ సెలవు. పెద్ద డాక్టరు ఊడిన క్యాపును చూసి తల పంకించారు. "చెప్పానా? ఇక పీకడం తప్ప దారి లేదు. నోరు తెరవండి."

ఆమె పెదవులు బిగించింది.

"తెరవండమ్మా!"

"మాట్లాడటానికి తెరుస్తాను, పీకడానికి తెరవను. ఊడింది మీరు పెట్టిన క్యాపు. నా పన్ను ఊడలేదు. ముందు అది చూడండి, తర్వాత తిట్టండి."

ఆయన కోపిష్టే గాని అబద్ధమాడే మనిషి కాదు. చిన్న అద్దం పెట్టి చూశారు. తట్టారు, అటూ ఇటూ నొక్కారు, మరల నొక్కారు.

"కదలట్లేదు," అని అయిష్టంగానే ఒప్పుకుని, క్యాపును తన చేతితోనే తిరిగి అతికించారు.

ఆనాటి నుండి సూదమ్మ మిషను ముందు కూర్చున్నంతసేపూ మూతికి గుడ్డ కట్టుకున్నది. "జలుబా సూదమ్మా?" అని అడిగినవారికి, "కాదు, నా మీద నాకే కాపలా," అని జవాబు చెప్పేది.

అసలు క్యాపుకు రంగు ఎంచేనాడు డాక్టరమ్మ ట్యూబులైటు కింద నమూనాలు పట్టగా, సూదమ్మ కుర్చీ దిగి గుమ్మంలోకి నడిచింది. "రంగు ఎండ వెలుగులో చూడాలమ్మా. దారమైనా అంతే, పన్నైనా అంతే. మరీ తెల్లది వద్దు. పక్కదాన్ని వెక్కిరించినట్టుంటుంది." ఇద్దరూ వాకిట నిలబడి కాస్త పసుపు ఛాయ ఉన్న నమూనాను ఎంచారు.

క్యాపు అతికించిన రోజున పెద్ద డాక్టరు కూడా వచ్చి, నీలికాగితం కొరికించి, ఎత్తుపల్లాలు సరిచూశారు.

"బాగానే కుదిరింది. కానీ ఎన్నాళ్ళుంటుందో నేను హామీ ఇవ్వనమ్మా."

"నాకు మాత్రం ఎవరిచ్చారండీ హామీ? ఉన్నన్నాళ్ళు నేనూ నా పన్నూ కలిసే ఉంటాం," అని సూదమ్మ కుర్చీ దిగి, చెప్పులు వేసుకుని, పనివేళ మించిపోతున్నదని దుకాణానికి నడిచింది.