సగం లాగిన అట్ట

మా పక్కింటి జపాన్ ఆంటీకి ఆ రోజు జరిగినదానికి మావాళ్ళెవరూ ఇప్పటిదాకా క్షమాపణ చెప్పలేదు. నేను డైరీలో మూడు పేజీలు రాసుకున్నాను. ఇప్పుడు చదివినా చెవులు వేడెక్కుతాయి.

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక్క గడ్డిపట్టీ. ఆవిడ శనివారాలు లైబ్రరీలో పిల్లలకు బొమ్మల అట్టలతో కథలు చెప్పేది. చిన్న చెక్కపెట్టె, దానికి బుల్లి తలుపులు. తెరిస్తే మొదటి బొమ్మ. దాన్ని పక్కకు లాగి వెనక పెడితే రెండోది. కథంతా అట్టల వెనక రాసి ఉంటుంది. కథలో అసలు ఘట్టం వచ్చేసరికి ఆవిడ అట్టను సగమే లాగి ఆగిపోయేది. పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్ళు. పూర్వం వాళ్ళ దేశంలో ఇలాంటి కథలవాళ్ళు సైకిలు మీద వీధుల్లోకి వచ్చి, ముందు మిఠాయి అమ్మి, తర్వాత కథ మొదలుపెట్టేవారట. చప్పరిస్తూ వినడమే పద్ధతి అంది.

మా తెలుగు బడి వార్షికోత్సవానికి ఆవిడను పిలుద్దామన్నది నేనే. కమిటీ అంకుల్ పదిహేను నిమిషాలు ఇస్తానన్నాడు. ఆవిడ సొంతంగా గీసిన నక్క కథను తెలుగు చేసి, పన్నెండు అట్టల వెనకా అంటించాను. వానలో ముసలమ్మ దగ్గర గొడుగు అడిగి తీసుకున్న నక్క, మొదటి మంచు పడేలోగా తెచ్చిస్తానని మాటిస్తుంది. ఆవిడ అట్టలు లాగాలి, నేను చదవాలి. నలుగురిలో నోరు విప్పలేని నేను ఒప్పుకున్నది పెట్టె వెనక కూర్చుంటే ముఖం కనబడదనే.

వార్షికోత్సవం రోజు ఆవిడ పొద్దుటినుంచీ కూర్చుని చిన్న పుల్లలకు తియ్యటి పాకం చుట్టి ట్రేలో తెచ్చింది. అంకుల్ భార్య దాన్ని టేబుల్ కిందికి తోసేసింది.

"ఏం కలిపారో ఏమో. మన పిల్లలకెందుకమ్మా రిస్కు."

"ప్యూర్ వెజ్ ఆంటీ," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. గుడ్డు వేసిన కేకు మాత్రం టేబుల్ నడిమధ్య దర్జాగా కూర్చుంది.

పెద్దవాళ్ళు సినిమా పాటకు డాన్సు చేసి, అదే పాట మళ్ళీ వేయించుకుని చేశారు. ఎవరూ గడియారం చూడలేదు. మా వంతు వచ్చేసరికి పులిహోర ప్లేట్లు తిరుగుతున్నాయి. అయినా ముందు నేల మీద కూర్చున్న పిల్లలు కదల్లేదు. తొమ్మిదో అట్టలో మంచు మొదలైంది. ముసలమ్మ తలుపు చప్పుడైంది. ఆవిడ అట్టను సగం లాగి ఆగింది.

అంకుల్ వచ్చి నా ముందున్న మైకు తీసుకున్నాడు. "చాలా బాగుందమ్మా, టైమ్ అయిపోయింది. పిల్లలూ, జపాన్ ఆంటీకి క్లాప్స్ కొట్టండి. నెక్స్ట్ లక్కీ డ్రా." ఆవిడను పెట్టె పక్కన నిలబెట్టి ఫోటో తీయించాడు.

ఆవిడ అట్టను మెల్లగా లోపలికి నెట్టి, తలుపులు మూసి, పెట్టెను గుడ్డలో మూటకట్టింది. కారెక్కేముందు ఒక చిన్నపాప పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఫాక్స్ అంబ్రెల్లా ఇచ్చిందా?" నేను నోరు తెరిచేలోపు వాళ్ళమ్మ పిల్లను లాక్కెళ్ళిపోయింది. దారిలో ఆవిడ ఒక్కటే అడిగింది, తను మంచి కథ ఎంచుకోలేదా అని. కథ మంచిదే అన్నాను.

నెల తిరక్కముందే అంకుల్ ఫోన్ చేశాడు.

"అమ్మా, ఉగాదికి మీ జపాన్ ఆంటీని మళ్ళీ తీసుకురా. వెబ్‌సైట్‌లో ఫోటో అదిరింది. ఈసారి ఐదు నిమిషాలు చాలు."

"నేను అడగను అంకుల్."

"అదేంటమ్మా?"

"పోయినసారి కథకే ఇంకా మూడు అట్టలు మిగిలాయి."

నవ్వాడు. "పిల్లల కథే కదా, దానికింతా?"

"పిల్లల కోసమే కదా అంకుల్ బడి," అని ఫోన్ పెట్టేశాను. పెద్దవాళ్ళతో మాట్లాడుతూ నేనే ముందు ఫోన్ పెట్టేయడం అదే మొదలు. ఆ ఊపులోనే పాప వాళ్ళమ్మ నంబరు సంపాదించి, శనివారం మా ఇంటికి పంపమని అడిగాను.

పాప వచ్చింది. జపాన్ ఆంటీ కూడా పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చింది. ముందు పాకం పుల్ల, తర్వాత మొదటి అట్ట నుంచి కథ. తొమ్మిదో అట్ట దగ్గర ఆవిడ అలవాటు ప్రకారం సగం లాగి ఆగింది.

పాప పెట్టెను చూడలేదు. పుల్ల నోట్లోంచి తీసి, వెనక్కి తిరిగి, కథ ఆపడానికి ఎవరైనా వస్తున్నారేమోనని మా వీధి తలుపు వైపు చూసింది.