మాస్టారి గురించి మైకులో చెప్పని మాట

మాస్టారు పోయారని మంగళవారం పొద్దున మన క్రెయిగీబర్న్ తెలుగు సంఘం ప్రార్థన గ్రూపులో మెసేజ్ వచ్చింది. పెట్రోల్ బంకులో లైనులో ఉన్నాను. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా కదల్లేదు. దుఃఖం ఒక్కటే అయితే ఇది రాయను. ఆయనకు నేనొక మాట ఇచ్చి తప్పాను.

ఆయన అనంతపురం వైపు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరై, ఈ దేశంలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చారు. అమెరికాలో అధ్యక్షులకు ఉన్నట్టే ఇక్కడ ఒక యూనివర్సిటీలో ఒక మాజీ ప్రధాని పేరున లైబ్రరీ, మ్యూజియం ఉన్నాయి. నెలకో శనివారం మన పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి, రుమాలు మడిచి మోకాలి కింద పెట్టుకుని, వాళ్ల మధ్య నేల మీదే కూర్చుని అన్నీ చెప్పేవారు.

ఒకసారి గ్రూపులో ఎవరో ఫొటో పెట్టారు. గది గుమ్మం బయట పిల్లల బూట్లు. లోపల ఆ ప్రధాని కోటు, కాగితాలు పెట్టిన అద్దాల పెట్టె ముందు పిల్లలు తలలు వంచి కూర్చున్నారు. నేను ఏ బైబిల్ కాలేజీలోనూ చదవలేదు. వాక్యం, ఆవేశం, అంతే నా చదువు. ఆ ఆదివారం ఆరాధనలో ప్రసంగానికి మైకు పట్టుకుని, "బూట్లు విప్పించి ఒక రాజకీయ నాయకుడి కోటుకు మొక్కిస్తున్నారు. ఇది విగ్రహారాధన కాకపోతే ఇంకేమిటి?" అన్నాను. వాక్యాలు నాలుగు వరసగా చదివాను. మూడో వరసలో మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాతి శనివారం ఆయన మనవరాలు తప్ప ఎవరూ పోలేదు.

రెండు నెలల తర్వాత, తప్పు పట్టడానికే, నేనూ వెళ్లాను. ఉన్నది వాళ్లిద్దరే. కార్పెట్ మీద కూర్చోబోతూ ఆ పిల్ల తనంతట తనే బూట్లు విప్పింది. మన ఇళ్లలో పెరిగిన ఏ పిల్లయినా చేసే పనే. తల వంచింది పెట్టెలోని ఉత్తరం చదవడానికి.

"తాతా, ఇందులో ఆయన్ని తిడుతున్నారు. వై డిడ్ దే కీప్ ఇట్?"

"అట్లాంటివి చాలా ఉన్నాయి తల్లీ. దేశాన్ని ఏలినాయన దిగిపోయినాక కాగితాలన్నీ ఇట్లా పెడతారు. పొగిడినవే పెట్టుకుంటే అది మన హాల్లో షోకేసు. ఎక్కడ తప్పు చేసినాడో ఎవరైనా వచ్చి చూసుకోవాల గదా."

"సో, లైక్, ఫర్ చెకింగ్?"

"చెకింగే."

అప్పుడు నన్ను చూశారు. "రా నాయనా, కూర్చో. బూట్లు నీ ఇష్టం."

కార్ పార్కులో క్షమాపణ అడిగాను. "నాకు చెప్తే ఏం లాభం? తల్లిదండ్రులు విన్నది మైకులో గదా. అక్కడ చెప్పు, పిల్లలు మళ్లీ వస్తారు" అన్నారు. వచ్చే ఆదివారం చెప్తానన్నాను. ఆ ఆదివారం ఉజ్జీవ కూడిక, కుదరలేదు. తర్వాత ఈస్టర్. ఈలోగా పాపాల ఒప్పుకోలు మీద రెండు ప్రసంగాలు కూడా చేశాను. ఆయన ఒక్కసారీ గుర్తు చేయలేదు. మైకు నా చేతికి వచ్చినప్పుడు మాత్రం కొంచెం ముందుకు వంగి కూర్చునేవారు.

భూస్థాపన రోజు కూడా చెప్పలేదు. అందరూ ఏడుస్తున్నారు, నా ప్రసంగం బాగా సాగుతోంది. అందుకని.

ఇప్పుడు రాస్తున్నాను. అక్కడ మొక్కులేమీ లేవు. నేను అన్నది అబద్ధం. ఈ ఆదివారం మైకులోనూ చెప్తాను. పిల్లల్ని మళ్లీ అక్కడికి పంపండి.

భూస్థాపన రోజు నా ప్రసంగం అయ్యాక అమ్మగారు, మాస్టారి భార్య, పేపర్ కప్పులో టీ తెచ్చి ఇచ్చారు. "మా ఆయన గురించి అంతసేపు మాట్లాడావు, గొంతు ఎండిపోయింటుంది. తాగు నాయనా." కప్పు పట్టుకుని నిలబడ్డాను. టీ మీద మీగడ కట్టింది. నేను తాగేదాకా కదలకూడదన్నట్టు ఆమె ఆ చల్లగాలిలో అక్కడే నిలబడ్డారు.