పులస వడ్డించని వైవా

మొన్న కాలేజీలో పాఠం చెబుతుండగా నా సీనియర్ అక్క రాజమండ్రి నుంచి ఫోన్ చేసింది. "మన మేడమ్ గారు తెల్లారగట్ల పోయారే," అంది. పీహెచ్‌డీలో ఆవిడే నా గైడ్. ఫోన్ పెట్టేసి పాఠం పూర్తి చేశాను. క్లాసు మధ్యలో వదిలేస్తే ఆవిడకి నచ్చేది కాదు.

మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని నేను. అమ్మ వరినాట్లకి వెళ్తుంది. నాట్లలో ఆడవాళ్ళు మాట్లాడుకునే మాటల మీదే నా పరిశోధన. చేరిన కొత్తలో మేడమ్ గారి సంచి అందుకోబోయాను. గైడ్ల ఇళ్ళకి గ్యాస్ బండలు మోసేవాళ్ళని, వాళ్ళ పిల్లల్ని ట్యూషన్‌లో దింపేవాళ్ళని అప్పటికే చూశాను. గైడ్ సంతకం పెట్టకపోతే ఏళ్ళ చదువు గాలిలో ఉండిపోతుంది మరి. ఆవిడ మాత్రం సంచి తన భుజానికే సర్దుకుని, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించారు.

"కూర్చోమ్మా. నిలబడి మాట్లాడితే సగం మాట కాళ్ళలోనే ఆగిపోద్ది."

ఆ కుర్చీలోనే వాదించడం నేర్చుకున్నాను. ఒకసారి "మీరన్నది తప్పండి" అనేశాను. ఆవిడ కళ్ళజోడు తీసి, "ఎలాగో చెప్పు" అన్నారు. చెప్పాను. మర్నాడు డిపార్టుమెంటులో అందరి ముందూ, "ఈ అమ్మాయిదే రైటు" అన్నారు.

చివరి పరీక్ష, వైవా, గోదావరిలో పులస చేప దొరికే వరదల రోజుల్లో పడింది. ప్రశ్నలడగడానికి వేరే ఊరి నుంచి వచ్చే ప్రొఫెసరు గారికి స్కాలరే వేలు పోసి కొని పులస పులుసు పెట్టించడం మా దగ్గర ఆనవాయితీ.

"పులస లేదని ఆయన మొహం ముడుచుకుంటే నీ డాక్టరేటు ఏమవుద్దే?" అని అక్క భయపెట్టింది. అమ్మ చెవి దిద్దులు తీసి నా చేతిలో పెట్టింది.

సంగతి తెలిసి మేడమ్ గారు పిలిచారు. "దిద్దులు మీ అమ్మకిచ్చెయ్. పులస తిన్న నోరు గట్టి ప్రశ్న అడగదు. ఆయన అడగాలి, నువ్వు చెప్పాలి. లేకపోతే ఆ డాక్టరేటు నీదవుద్దా, చేపదవుద్దా?"

ఆయన నిజంగానే గట్టిగా అడిగారు. మేడమ్ గారు మధ్యలో ఒక్క మాటా అందించలేదు. చివరికి ఆయనే నవ్వి, "ఇంక నా దగ్గర ప్రశ్నల్లేవండి" అన్నారు. పేరు ముందు డాక్టర్ అని రాసినప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చి నా తల పైకి లేస్తుంది.

భోజనాలు మేడమ్ గారింటి క్యారేజీలోంచే. పప్పు, వంకాయ కూర, మజ్జిగ పులుసు. ఆయన మళ్ళీ అడిగి వేయించుకున్నారు.

నాతో వైవాకి వచ్చి వరండాలో గోడ వారన నిలబడిన అమ్మకి మేడమ్ గారే కుర్చీ తెచ్చి వేశారు. పక్కనే ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుని, అమ్మ పళ్ళెంలో పప్పు వడ్డిస్తూ ఏదో అన్నారు. అమ్మ తల తిప్పి నవ్వింది. చెవి దిద్దు మీద ఎండ పడింది.