కర్రెగాడి గుండె గురించి నేను దాచిన మాట

కర్రెగాడు చేనులో పడి చచ్చిపోయాడన్న కబురు మొదట నాకు తెచ్చింది సమ్మయ్య భార్య ముత్తమ్మ. విని "అయ్యో" అన్నాను. అంతకు మించి ఏమీ అనలేదు. అనవలసిన మాట ఇన్నేళ్లూ నాలోనే బరువుగా ఉండిపోయింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

సమ్మయ్య మా పొలానికి కావలి మనిషి. ఏన్కూరు దాటాక అడవి అంచున వాళ్ల గూడెం, దాన్ని ఆనుకుని మా మొక్కజొన్న చేను. కర్రెగాడు అతని కుక్క. అడవిపందుల మంద మీదికి ఒంటరిగా దూకేవాడు. ఎనభైల్లో ఒక వానాకాలం వాడికి దగ్గు పట్టుకుంది. పొట్ట ఉబ్బింది. నాలుగడుగులు వేస్తే కూలబడేవాడు.

మా గేదెను చూడవచ్చిన పశువుల డాక్టరుగారికి వాణ్ణి కూడా చూపించాను. సమ్మయ్య అప్పుడు చేలో ఉన్నాడు. డాక్టరుగారు పక్కటెముకల మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నారు, చిగుళ్లు నొక్కి చూశారు. గుండె బలహీనపడింది, పొట్టలోది నీరు, అన్నారు. నీరు దిగడానికి మాత్రలిచ్చి, కాగితం మీద రాశారు: ఉప్పు లేని తిండి, పరుగు అసలు కూడదు. "మాత్రలతో తేలికపడతాడు. నయమైందనుకుని వదిలేరు, జాగ్రత్తమ్మా" అని మరీ మరీ చెప్పారు.

సాయంత్రం సమ్మయ్య వచ్చాడు.

"ఏం రాసిండు అమ్మా?"

"దగ్గేనట సమ్మయ్యా. రోజుకో మాత్ర వెయ్యి. ఉప్పు పెట్టకు."

"గంతేనా? చేన్ల పందులు పడుతున్నయ్. తీస్కపోవచ్చునా మరి?"

"తగ్గాక తీసుకుపో."

"అవ్, వీడు లేకుంటె నన్ను చూసి పందులు నవ్వుతున్నయ్!"

నేనూ నవ్వాను. కాగితం నా చేతిలోనే ఉంది.

బడి మొహం చూడని నాకు మా నాయనమ్మ ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది, రామాయణం చదువుకోవాలని. అందుకు రోజూ రాముడికి దండం పెట్టుకునేదాన్ని. ఆ అక్షరాలతోనే కదా ఒక చదువురాని మనిషిని మోసం చేశాను? దగ్గు ఉన్నమాటే, అబద్ధం ఆడలేదు కదా అని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. ముందటేడు పంట సగం పందులపాలయింది, ఈ ఏడూ పోతే ఎట్లా అనుకున్నానా? అనుకున్నాను. కుక్కకు ఏమైనా అయితే? అదీ అనుకున్నాను. అనుకునే పొమ్మన్నాను.

మాత్రలు పనిచేశాయి. పొట్ట తగ్గింది. సమ్మయ్య నా కాళ్లకు మొక్కాడు. ఆ వారంలోనే కర్రెగాడు పందుల వెంట పరిగెత్తి ప్రాణం విడిచాడు.

కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టనిదే ఆ గూడెం వాళ్లలో కొత్త పంట నోట పెట్టరు. సమ్మయ్య మాత్రం, కుక్క జబ్బుపడి లేచింది కదా అన్న ముద్దుకొద్దీ, పండుగకు ముందే కర్రెగాడికి ఒక కంకి కాల్చి పెట్టాడట.

"నా చేతులతోనే సంపుకున్న అమ్మా. తల్లి ఊకుంటదా?" అన్నాడు.

కాదనడానికి ఒక్క మాట చాలు. "ఊరుకో సమ్మయ్యా" అన్నాను.

అతను మళ్లీ కుక్కను పెంచలేదు. బతికినంతకాలం ప్రతి కొత్తల పండుగకూ తప్పు కింద దేవతకు ఒక కోడిని ఇచ్చుకున్నాడు. ఆ నమ్మకంతోనే పోయాడు.

రాముడికి చెప్పుకోవడం కష్టం కాలేదు, ఆయనకు తెలిసిందే. మనిషికి చెప్పలేకపోయాను. చెప్పవలసిన మనిషి ఇప్పుడు లేడు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఇంతసేపు విన్నారు, అదే పదివేలు. ఒక్కటి మాత్రం అడుగుతాను. సమ్మయ్యను గుర్తుంచుకోండి. అతను ఏ తప్పూ చెయ్యలేదు.