దౌలెత్ అంకుల్‌కి సగం గ్లాసు చాయ్

అమెరికాలోని నోవైలో మా చిన్నప్పుడు... మా అపార్ట్‌మెంట్ హీటర్ చలికాలంలో నాలుగుసార్లయినా మొరాయించేది. బాగుచేయడానికి వచ్చే మనిషి గుమ్మం దగ్గరే బూట్లు విప్పి లోపలికి వచ్చేవారు. మా అమ్మకి ఆయన నచ్చడానికి ఆ ఒక్క కారణం చాలు.

కాంప్లెక్స్ మొత్తం ఆయన్ని "రష్యన్" అనేది. నాన్న పేరు అడిగితే "దౌలెత్. కజక్" అన్నారు. వరంగల్‌లో పెరిగిన మా నాన్న మొహం వెలిగిపోయింది... "అరె, దౌలత్! మన మాటే!" అమ్మ చాయ్ అంటే ఆయనకి అదీ తెలుసు. ఇక చుట్టరికం కలిసిపోయింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆయన ముక్కు ఒక పక్కకి వంగి ఉండేది. "ఏమైంది అంకుల్?" అని అడిగేశాను. అమ్మ కళ్లురిమింది. ఆయన నవ్వి రెండు పిడికిళ్లూ ఎత్తి చూపించారు.

కజక్‌స్తాన్‌లో ఒక బొగ్గుగనుల ఊరట. తండ్రి గనికార్మికుడు. కార్మికుల క్లబ్బు కింది గదిలో ఇరవైమంది పిల్లలకి రెండు జతల గ్లవ్స్. అక్కణ్నుంచి ఆయన సోవియట్ దేశమంతటి ఛాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్లారు! "మూడు రౌండ్లు, రౌండుకి మూడు నిమిషాలు. మొదటి రౌండ్‌లోనే నన్ను పడగొట్టాడు..." అంటుండగా చాయ్ వచ్చింది. పెద్ద స్టీలు గ్లాసులో, అంచుదాకా. ఆయన గ్లాసులోకి చూశారు. గబగబా తాగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని అమ్మకి థ్యాంక్స్ చెప్పి, వెళ్లిపోయారు.

నాన్న ఆయన్ని ప్రతి ఆదివారం పిలిచేవారు. ఆయన వచ్చేవారు, కోటు కూడా విప్పకుండా కథ ఎత్తుకునేవారు. రెండో రౌండ్‌లో కుడిచేతి బొటనవేలు విరిగింది... అంతే, చాయ్ వచ్చేది. ఆయన లేచేవారు.

గెలిచారా, ఓడారా? నాకు పిచ్చెక్కిపోయేది. స్కూల్లో జెన్నీకి మా ఇంటికి బాక్సింగ్ ఛాంపియన్ వస్తాడని గొప్పగా చెప్పేశాను. "ఫైనల్ గెలిచాడా మరి?" అందది. వచ్చే ఆదివారం చెబుతానన్నాను. అబద్ధాలకోరునని క్లాసంతా చెప్పింది.

"అల్లం ఎక్కువైతున్నదా ఏమో" అని అమ్మ ఒక వారం అల్లం తగ్గించింది. మరో వారం చక్కెర పెంచింది. మర్యాద చాలడం లేదేమోనని నాలుగో ఆదివారం ఇంకా పెద్ద గ్లాసు తీసింది. ఆ రోజు ఆయన మరింత తొందరగా వెళ్లిపోయారు!

నాన్న ఫ్రెండ్ మూర్తి అంకుల్ తేల్చేశారు. "కమ్యూనిస్టు దేశం నుంచి వచ్చారు కదండీ, మనుషుల్ని నమ్మరు. వాళ్లింతే." నాన్న తలూపారు. నేనూ ఊపాను.

ఐదో ఆదివారం మంచు ముంచెత్తింది. కార్ బయటికి తీసే వీల్లేదు. ఇంట్లో పాలు అడుగంటాయి. ఆయన మాత్రం మంచులో నడిచి వచ్చేశారు.

"గింత చాయ్ ఎట్ల ఇస్తం? ఇజ్జత్ పోతది" అంది అమ్మ.

"ఉన్నదే పొయ్యి. గింత మంచుల ఎవరేమనుకుంటరు?" అన్నారు నాన్న.

సగం గ్లాసు. అమ్మ సిగ్గుతో వంటింట్లోంచి బయటికే రాలేదు, నాతో పంపింది. ఆయన గ్లాసులోకి చూశారు. వంటింటి వైపు చూశారు. తర్వాత మా ఇంట్లో మొట్టమొదటిసారి కోటు విప్పి కుర్చీకి తగిలించారు.

మూడో రౌండ్! కుడిచెయ్యి లేపలేరు. ఎడమచెయ్యి ఒక్కటే. అది ఎలా సాగిందో మా సోఫా చుట్టూ తిరిగి చూపించారు. మధ్యమధ్య ఖాళీ గ్లాసు, కథ వినడానికి బయటికొచ్చిన అమ్మకి చాపుతారు, అమ్మ పాలు లేని చాయ్ కొంచెం పోస్తుంది, మళ్లీ చాపుతారు...

"గెలిచారా?" అని అరిచాను.

"గెలిచాను."

నేను సోఫా ఎక్కి గెంతాను.

రెండేళ్లు ఛాంపియన్‌గా ఉన్నారట. ఆ వేలు మళ్లీ సరిగ్గా అతుక్కోలేదు, దేశం దాటి ఆడే అవకాశం రాలేదు. ఊళ్లో పిల్లలకి నేర్పారు. భార్యవాళ్లు యూదులు, వాళ్లంతా అమెరికా వస్తుంటే తనూ వచ్చారు. "బాధ లేదా?" అన్నారు నాన్న. "ఆ తొమ్మిది నిమిషాలూ నావి. ఎవరు తీసుకుంటారు?" అన్నారు.

"మరి ప్రతిసారీ అంత తొందరగా ఎందుకు వెళ్లిపోతారు?" అని నాన్నే అడిగారు.

ఆయన తెల్లబోయారు. "మీరు ఉండమన్నది ఇవాళే కదా!"

వాళ్ల దేశంలో చాయ్ కొంచెమే పోస్తారట. అంటే ఇంకా కూర్చో, మళ్లీ పోస్తాం అని. నిండా పోస్తే... తాగి బయల్దేరమని! "మీ ఆవిడ మొహమాటం లేని మనిషి, ప్రతి వారం పొమ్మంటుంది అనుకున్నాను. ఆ పెద్ద గ్లాసు చూశాక ఇక రాకూడదనే అనుకున్నాను. చాయ్ బాగుంది, అందుకే వచ్చాను."

"అయ్యో! ఇన్నొద్దులు పిలిచి మరీ ఎల్లగొట్టిన్నా నేను!" అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది.

మర్నాడు జెన్నీకి మూడు రౌండ్లూ ఆడి చూపించాను.

మూర్తి అంకుల్‌కి చెబితే ఏమన్నారో తెలుసా? "నే చెప్పలా? వాళ్లింతే!"

ఆ మాట మీదే నా కోపం, ఇన్నేళ్లయినా. ఇవాళ మా వాట్సాప్ గ్రూపులో వీసా స్టాంపు తడి ఆరనివాళ్లు కూడా పక్క దేశం నుంచి వచ్చినవాళ్ల గురించి అదే రాస్తున్నారు. అడిగి చూశారా ఒక్కసారైనా? ఆ మనిషి మీ గుమ్మంలో బూట్లు విప్పాడో లేదో గమనించారా? మన గ్లాసు ఏం చెబుతోందో మనకే తెలియనప్పుడు ఎదుటివాడి మనసులో ఏముందో ఎలా తేల్చేస్తారు? వాదనకి వస్తానంటే రండి, తీరిగ్గానే ఉన్నాను.

ఇప్పుడందరం పేపర్ కప్పుల్లో నిండుగా తెచ్చుకుని కార్‌లో ఒక్కళ్లమే తాగుతున్నాం... మీ ఇంట్లోనూ "వాళ్లింతే" అనిపించుకుని లేచి వెళ్లిపోయినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల కథ కింద రాయండి. తొందరేం లేదు... నేను సగమే పోశాను.